తరుగు

జనవరి ఎండ.
నకబాలె సంతలో, రేకుల షెడ్డు కింద
త్రిభోవన్ సేటు కాటా వేలాడుతోంది.
దాని కింద నేను, ఎరియాని,
మిషన్ బళ్లో ఐదు దాకా చదివినవాణ్ని,
మోకాలి మీద చిట్టా, చెవి వెనక పెన్సిలు.

బుసోగా నేల మీద ఆ ఏడు
పత్తి విరగ్గాసింది.
విరగ్గాస్తే ధర విరుగుతుందని
బళ్లో ఎవరూ చెప్పలేదు.

తెల్లారకముందే వరస.
సైకిళ్ల మీద మూటలు, తలల మీద మూటలు.
ఒకాయన మూట మీదే నిద్రపోతున్నాడు,
మూట కన్నా తనే తేలిగ్గా.
శనివారం చీఫుగారి పన్ను వసూలు.
రశీదు లేని మగాడికి రోడ్డు పని, రాళ్ల పని.
అందుకే ఎవరూ గొంతు పెంచరు.
ఆకలైతే బేరమాడుతుంది, గడువు ఆడదు.

నేను రాస్తూ పోతాను:
మూట యాభై రెండు. గోనెకి మూడు. తేమకి రెండు.
దుమ్ముకి ఒకటి.
ఏమీ లేనిదానికి మరొకటి.
దానికీ పేరు తరుగే.

కౌధా వంతు వచ్చింది.
మొగుడు రైలుదారి పనికి పోయి
రెండు వానాకాలాలు.
చీలమండల దాకా ఎర్రమట్టి, వీపున పిల్లాడు.
మూట తగిలించింది. ముల్లు చూసింది. నన్ను చూసింది.
ఏమీ అనలేదు.
మూటని కొక్కెం నుంచి దించి
వీపు మీది గుడ్డ విప్పి
పిల్లాణ్ని ఆ గుడ్డలోనే మూటగట్టి
కొక్కేనికి తగిలించింది.

ముగోయా ఏడవలేదు.
గాల్లో ఊగుతూ నవ్వాడు,
కాళ్లు రెండూ బయటికి,
ఒక కాలికి ఎర్ర పూస.
ముల్లు ఇరవై ఆరు దగ్గర ఆగింది.

"గురువారం మిషన్ ఆసుపత్రిలో
దొరసానమ్మ తూచింది," అంది కౌధా.
"ముప్పై ఒకటి. ఇదిగో కాగితం.
మూడు మైళ్ల దారిలో
నా కొడుకు ఐదు పౌన్లు
ఎక్కడ రాలిపోయాడు?
చెప్పండి, పోయి ఏరుకొస్తాను."

ముందు ఒక ముసలాయన నవ్వాడు.
ఆ నవ్వు సైకిళ్ల మీదుగా
వరస చివరిదాకా పోయి
అక్కడ ఎవరికో దగ్గుగా మారింది.

సేటు లేచాడు. చెడ్డ మొహం కాదు అతనిది.
పద్దెనిమిదో ఏట పోర్‌బందర్ నుంచి ఓడెక్కి
సబ్బు కడ్డీని తీగతో కోసి, ఉప్పు దోసిళ్లతో అమ్మి
ఈ రేకుల నీడ కొనుక్కున్నవాడు.
అతని మూటల్ని జింజా మిల్లులో మరో కాటా తూస్తుంది.
అక్కడా తరుగు ఉంది. నాకు తెలుసు,
ఆ రశీదులు దాచేది నేనే.
రాత్రి లాంతరు కింద అతని వేలు
ఏ అంకె మీద ఆగిపోయేదో కూడా తెలుసు.

"తుప్పు," అన్నాడు. "స్ప్రింగుకి తుప్పు."
పిల్లాడి చేతిలో బెల్లం ముక్క పెట్టాడు.
ఆ బెల్లం ఒక్కటే తూచకుండా ఇచ్చాడు.

కౌధా పత్తి మాత్రం
ముల్లు చెప్పిన లెక్కకే పోయింది. శనివారం మరి.
మిగిలిన షిల్లింగు చిల్లరతో
అదే దుకాణంలో రెండు గజాల గుడ్డ కొంది,
నీలం పూలది. అదీ పత్తే.
ఏ దేశంలో వడికారో, దానికి తరుగు లేదు.
గజం కర్ర మాత్రం కాస్త పొట్టిది.

మరుసటి గురువారం
ఆసుపత్రి నుంచి సంతకి తల్లుల బారు.
ప్రతి వీపునా ఒక బరువు,
ప్రతి చేతిలో ఒక కాగితం.
కాటా కింద ఏడుపులు, నవ్వులు, నా చిట్టా మీద ఉచ్చ.
పదకొండు మందిని తూచాం.
పదకొండు మందీ దారిలో చిక్కిపోయారు.

నేనేం చేశానంటారా?
చిట్టా అంచున, చీమంత అక్షరాల్లో
ముప్పై ఒకటి అని రాసుకున్నాను. అంతే.
నెలకి పదిహేను షిల్లింగుల జీతం నాది.

సేటు స్ప్రింగు మార్చలేదు.
ఒక చెక్క పలక తెప్పించి, తెల్ల రంగు పూయించి
మూడు భాషల్లో రాయించాడు:
ఇక్కడ పిల్లల్ని తూచము.

రాసింది నేనే.
గుజరాతీ అతను గీసిస్తే దిద్దాను.
అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా కుదిరాయని
వరసలో అందరూ మెచ్చుకున్నారు,
చదవడం రానివాళ్లు కూడా.